కొరమీను కోసం రెండు గంటల మౌనం

“రెండు గంటలు నోరు తెరవను మామా. భవ్య మీద ఒట్టు.”

మొన్న శనివారం చీకటి పడే వేళ, కాడుగోడి అవతల చెరువు గట్టు మీద నేనిచ్చిన మాట ఇది. ఆ మాటకు ఏ గతి పట్టిందో ముందే చెప్పేస్తాను, తర్వాత తీరిగ్గా నవ్వుకోండి. ఇవాళ మంగళవారం. నా గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. నా ఎడమ కాలి చెప్పు ఇంకా చెరువులోనే ఉంది. నేనే పుట్టించి, నేనే పేరు పెట్టి, నేనే అడ్మిన్‌గా ఏలిన వాట్సాప్ గ్రూపులో ఇప్పుడు నేను లేను!

మామ అన్నానే గాని ఆయన ఇంకా మామ కాలేదు. పేరు నంజుండప్పగారు, భవ్య వాళ్ల నాన్న. భవ్యను నేను పెళ్లి చేసుకోవాలనుకుంటున్నాను. భవ్య కూడా అనుకుంటోంది. కాకపోతే “మా నాయన ఊఁ అనాలి” అంటుంది.

“ఇద్దరు వయోజనుల స్వేచ్ఛా నిర్ణయానికి మూడో మనిషి ఆమోదముద్ర దేనికి?” అని అడిగాను.

“ఆ మూడో మనిషే మా అమ్మ పోయినాక నాకు రెండు జడలు వేసి స్కూలుకు పంపినాడు. అందుకు” అంది.

నా గదిలో గోడ పొడవునా పుస్తకాలున్నాయి. వాటిలో దేంట్లోనూ దీనికి జవాబు దొరకలేదు. సరే, ఊఁ అనిపిద్దాం అని బయల్దేరాను.

నాది ఖమ్మం. వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. పగలంతా కంపెనీ తప్పులు పట్టుకుంటాను, సాయంత్రం నుంచి వ్యవస్థ తప్పులు పట్టుకుంటాను. నంజుండప్పగారి వాళ్లు తరాల నుంచి ఇక్కడివాళ్లే. బళేపేటలో హోల్‌సేల్ గాజుల అంగడి. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, అంగట్లో ఏ భాషలో బేరం కుదిరితే ఆ భాష.

మొదటిసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు నేను బాగా ప్రిపేరై వెళ్లాను. కట్నం ఎందుకు నేరమో చెప్పాను. కులం ఎలా కూలుతుందో చెప్పాను. రిజిస్టర్ పెళ్లి వల్ల సమాజానికి కలిగే మేలు చెప్పాను. ఇంటిపనిలో సగభాగం గురించి మాట్లాడుతూ మధ్యలో ఉప్పిట్టు, అదే మన ఉప్మా, చల్లారిపోయిన సంగతి గమనించలేదు. భూమి, నీరు, చెరువులు అనే అంశంలోకి దిగబోతుండగా ఆయన చెయ్యెత్తారు.

“ఏమప్పా, నువ్వు ఊపిరి ఎప్పుడు తీసుకుంటావు?”

భవ్య వంటింట్లోకి పారిపోయింది. నవ్వడానికే అని తర్వాత తెలిసింది.

“చూడప్పా” అన్నారాయన నెమ్మదిగా. “పొద్దంతా అంగట్లో గలగలా గలగలా. గాజులూ గలగల, కొనేవాళ్లూ గలగల. సాయంత్రం చెరువు కాడ గాలం ఏసుకోని కూసుంటే గాని నా తల నాకు రాదు. నాకు అల్లుడంటే ఏం కావల్ల? లెక్చరు ఇచ్చేటోడా? పక్కన గమ్మున కూసునేటోడు కావల్ల. శనివారం నా జతకు రా. రెండు గంటలు నోరు మూసుకోని కూసో. ఆమీద నీ సంగతి మాట్లాడదాము.”

ఇంత సులువా! నేను ఎగిరి గంతేశాను. భవ్య మాత్రం గేటు దాకా వచ్చి అనుమానంగా చూసింది.

“ఏయ్ కిరణ్, నీ వాట్సాప్ స్టేటస్ ఏముంది?”

“మౌనం కూడా నేరమే.”

“అదే కదా నా భయం. ఇంకొకటి. మా నాయన పోయేది ఏ చెరువుకో నీకు తెలుసా?”

తెలీదు. చెప్పింది. నా కాళ్ల కింద నేల కదిలింది.

“ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?”

“నువ్వు చెప్పనిస్తే కదా!”

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి. కాడుగోడి అవతల ఆ చెరువులోకి చీకటి పడితే చాలు, టిప్పర్లు వచ్చి కూలగొట్టిన ఇళ్ల పెళ్లలు, టైల్స్ ముక్కలు, కమోడ్లతో సహా దించిపోతున్నాయి. ఎవడబ్బ సొమ్మని? ఏ అధికారి కంటికీ కనపడదు! అర్జీలు పెట్టి పెట్టి విసుగొచ్చి, నేను ‘కెరె కావలి’ అని ఒక గ్రూపు పెట్టాను. కెరె అంటే కన్నడంలో చెరువు. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల వాళ్లు చాలామంది చేరారు. పోరాడి కంచెకు గేటు పెట్టించాం. పొద్దు మునగ్గానే తాళం. రోజూ చీకట్లో టార్చిలైట్లతో గస్తీ. నియమావళి కూడా నేనే రాశాను: “చీకటి పడ్డాక నీటి దగ్గర కనిపించిన ప్రతి మనిషీ అనుమానితుడే. మినహాయింపులు లేవు. నియమం మీరిన సభ్యుణ్ణి, అతని పదవితో సేవతో నిమిత్తం లేకుండా, తక్షణం తొలగించాలి.” ఈ రెండో ముక్క రాసిన రోజు నా మీద నాకే గౌరవం పెరిగింది.

ఇప్పుడేం చెయ్యాలి? ఒక పక్క సిద్ధాంతం, ఇంకో పక్క భవ్య. శుక్రవారమంతా ఆలోచించి, దీన్ని వ్యూహాత్మక వెనుకడుగుగా నిర్ధారించుకున్నాను. వెనుకడుగు వేసే ప్రతివాడికీ ఈ మాట చాలా ఉపయోగపడుతుంది. గస్తీ మొదలయ్యేది ఎనిమిదిన్నరకు. ఆలోపు రెండు గంటల మౌనం అయిపోతుంది, నేను ఇంట్లో ఉంటాను. శనివారం పొద్దున గ్రూపులో మెసేజ్ పెట్టాను: “తీవ్ర జ్వరం. ఇవాళ గస్తీకి రాలేను. నేను లేకపోయినా పోరాటం ఆగకూడదు.”

సావిత్రి మేడమ్ వెంటనే జవాబిచ్చారు. మేడమ్‌ది ఏలూరు, బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు, కొడుకు దగ్గర ఉంటున్నారు. మెడలో ఎప్పుడూ ఒక విజిల్ వేలాడుతుంటుంది. “రెస్ట్ తీసుకోండి కిరణ్ గారూ. మిరియాల చారు పంపమంటారా?” అన్నారు. వద్దన్నాను. ఒంట్లో లేని జ్వరం ముఖంలోకి వచ్చినట్టయింది.

ఆ సాయంత్రం పంపుహౌస్ వెనక కంచెకున్న కంతలోంచి మామ ముందు దూరారు, వెనక నేను. ఆ కంత గురించి నేను ఎన్ని ఫిర్యాదులు రాశానో! పొట్ట లోపలికి లాక్కుని దూరాను.

ఆయన గట్టు దిగువన ఒక బండ మీద తువ్వాలు పరిచారు. వెదురు కర్రకు ఛార్జింగ్ లైటు కట్టి, నీళ్లకు జానెడు ఎత్తులో వేలాడదీశారు. నా చేత ఒట్టు వేయించుకున్నారు. నా ఫోను ఆఫ్ చేయించి తన జేబులో వేసుకున్నారు. తర్వాత లైటు వైపు చూపించి గొంతు తగ్గించి చెప్పారు.

“దీపానికి పురుగులొస్తాయి. పురుగులకు చిన్న చేపలొస్తాయి. చిన్నవాటికి పెద్దదొస్తాది. ఈ మూల ఒక కొరమీను ఉండాది. రెండు వానకాలాలుగా నాకూ దానికీ పంతం.”

అయ్యో! పురుగు, చిన్న చేప, పెద్ద చేప! ఎంత గొప్ప వర్గ విశ్లేషణ! నా నాలిక కొసన కనీసం ఇరవై నిమిషాల ఉపన్యాసం వచ్చి నిలబడింది. మింగేశాను. గొంతు మండింది.

నిజంగానే పురుగులు ముసిరాయి. వాటి కింద చిన్న చేపలు మెరిశాయి. ఆయన చేతివలతో ఒక పిల్లచేపను తీసి, గాలానికి గుచ్చి, వెలుగూ చీకటీ కలిసే చోట వేశారు. దారానికి కట్టిన బెండు నీళ్ల మీద నిలబడింది. ఇక నిశ్శబ్దం.

మొదట్లో నరకమే. నా కళ్ల ముందే ఒక కవరు తేలుతూ పోయింది. ఏ సూపర్ మార్కెట్ కవరో కూడా కనిపిస్తోంది, ఐనా ఏమీ అనకూడదు. దోమలు కుట్టాయి. అవతలి ఒడ్డున నురగ కనిపించింది. మురుగుకాలవ నురగ! పళ్లు నూరాను. ఆ చప్పుడుకు మామ నా వైపు చూశారు. నూరడం ఆపాను.

కాసేపటికి ఆయనే ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చి మెల్లగా అన్నారు. మౌనవ్రతం నాకే గాని ఆయనకు లేదు కదా.

“ఆ కంచె చూస్తివా? మా తాత కాలం నుంచి ఈడ అడ్డం లేదు. ఎవడో తలతిక్కోడు గుంపు కట్టినాడంట. పొద్దు మునిగితే నీళ్ల కాడికి ఎవరూ రాకూడదంట. వాడు నా కండ్ల పడితే, ఈ చెరువులోనే ముంచుతా.”

నేను గంభీరంగా తల ఊపాను. ఆ తలతిక్కోడు ఆయన పక్కనే కూర్చుని ఆయన టీ తాగుతున్నాడు.

కానీ నిజం చెప్పనా? ఆ తర్వాత ఏదో జరిగింది. కాడుగోడి స్టేషన్ వైపు నుంచి రైలు కూత వినిపించి ఆగిపోయింది. కప్పలు మొదలుపెట్టాయి. ఆయన తన భుజం మీది పైపంచె తీసి, ఏమీ అనకుండా, దోమలు కుట్టకుండా నా కాళ్ల మీద కప్పారు. మా నాన్న కూడా ఎప్పుడూ అలా చెయ్యలేదు. నా బుర్రలో ఎప్పుడూ ఊరేగింపు నడుస్తూనే ఉంటుంది. అది ఎక్కడో మలుపు తిరిగి వెళ్లిపోయినట్టు, తల ఖాళీగా, హాయిగా అయింది. ఇలాగే ఇంకో ముప్పై ఏళ్లు ఈయన పక్కన కూర్చోవచ్చు అనిపించింది. భవ్య కోసం కాదు, ఈయన కోసమే.

సరిగ్గా అప్పుడే బెండు మునిగింది!

మామ గాలం కర్ర పట్టుకుని బిగుసుకుపోయారు. కర్ర విల్లులా వంగింది. “అదే” అన్నారు, ఊపిరితో. “అదేనప్పా.”

సరిగ్గా అప్పుడే గట్టు మీద విజిల్ వినిపించింది.

నా ప్రాణం పోయింది. ఎనిమిదిన్నర ఇంకా కాలేదే! తర్వాత తెలిసిన సంగతేమిటంటే, నాకు జ్వరమని విని సావిత్రి మేడమ్ గ్రూపులో ఒక సూచన చేశారట. “మంచు పడుతోంది, అందరికీ జ్వరాలు పట్టుకుంటున్నాయి, ఇవాళ పెందలాడే గస్తీ ముగించుకుందాం.” అందరూ బొటనవేళ్లు పెట్టారట. ఆ మెసేజ్ వచ్చేసరికి నా ఫోను ఆఫయి మామ జేబులో ఉంది. అంటే నా అబద్ధపు జ్వరమే వాళ్లను నా మీదికి ముందుగా తోలింది!

మామ చటుక్కున లైటు ఆర్పేశారు. చీకటి. ఒక చేత్తో గాలం కర్ర, ఇంకో చెయ్యి నా మోకాలి మీద. “గమ్మునుండు” అని ఆ చెయ్యే చెప్పింది. పైన టార్చిలైట్లు అటూ ఇటూ తిరిగాయి. మేం బండ చాటున ఉన్నాం.

“ఇక్కడెవరూ లేరండీ. పదండి పోదాం” అంది మేడమ్ గొంతు.

అయిపోయింది. గండం గడిచింది. నేను ఇంకొక్క నిమిషం ఊరుకుంటే చాలు, పెళ్లి, కొరమీను రెండూ దక్కేవి.

కానీ ప్రతి గస్తీ చివరా మూడుసార్లు నినాదం ఇవ్వాలని ఒక నియమం ఉంది. ఎవరు పెట్టారో మీరు అడగరు, నేను చెప్పను.

“కెరె యారదు?” అని అరిచారు మేడమ్. చెరువు ఎవరిది అని.

“నమ్మదు” అన్నారు జనం. మాది అని. ఎలా అన్నారనుకున్నారు? ఆస్పత్రిలో పేరు పిలిస్తే పలికినట్టు! నీరసంగా, తలో వైపు, ఒకడు ఆవలిస్తూ. నేను నాలిక కరుచుకున్నాను.

“కెరె యారదు?”

“న... మ్మదు.”

ఛీ! దీనికేనా నేను అన్ని ఆదివారాలు రిహార్సల్ చేయించింది? రెండు చేతులతో నోరు మూసుకున్నాను. మామ చెయ్యి నా మోకాలి మీద బిగిసింది.

“కెరె యారదు?”

నాకేం తెలీదు. నేను అనలేదు. నా లోపలి నుంచి అదే వచ్చింది. లేచి నిలబడి, పిడికిలి బిగించి, కాడుగోడి అంతా వినపడేట్టు,

“నమ్మదు!”

కప్పలు కూడా ఆగిపోయాయి.

ఆ పిడికిలి లైటు కట్టిన కర్రకు తగిలింది. కర్ర నీళ్లలోకి. కర్రను పట్టుకోబోయి నేను నీళ్లలోకి. నడుము లోతు బురద. తల మీద గుర్రపుడెక్క ఆకుల కిరీటం. లేచి చూసేసరికి అన్ని టార్చిలైట్లూ నా ముఖం మీదే.

“కిరణ్ గారూ! మీకు జ్వరం కదండీ?” అన్నారు సావిత్రి మేడమ్.

“తగ్గిందండీ” అన్నాను. ఇంకేం అనాలి?

ఆవిడ విజిల్ నోట్లో పెట్టుకుని గట్టు దిగి వచ్చారు. మామ ఎవరినీ చూడటం లేదు. ఆయనా కొరమీనూ ఇంకా లాక్కుంటూనే ఉన్నారు. ఆవిడ ఆ వంగిన కర్రను చూశారు. నోట్లోంచి విజిల్ జారిపోయింది.

“ఆగండాగండి! కొరమీనా? గట్టిగా లాగకండి! కాస్త వదలండి, మళ్లీ లాగండి. గుర్రపుడెక్కలోకి దూరిందంటే ఇక చిక్కదు! టార్చిలు ఆయన మొహాన కాదు, నీళ్ల మీద వెయ్యండర్రా!”

ఏలూరు మనిషి. కొల్లేటి చేప తిని పెరిగిన ప్రాణం. నియమావళి అక్కడికక్కడే గాలికి పోయింది. ఆ చేప సూటిగా నా వైపే వచ్చింది, ఎందుకంటే గుర్రపుడెక్క ఉన్నది నా చుట్టూనే.

“కదలద్దప్పా!” అని మామ మొదటిసారి అరిచారు. “కదలద్దు! మాట్లాడద్దు!”

నేను కదల్లేదు. చేప కదిలింది. నా కాళ్ల చుట్టూ ఒకసారి, ఇంకోసారి తిరిగింది. దాంతో గాలం దారం కూడా. మామ లాగారు. వెనక నుంచి మేడమ్ ఆయన్ని పట్టుకుని లాగారు. నేను వెల్లకిలా పడి, కాళ్లు ముందు, తల వెనక, బురదలో జారుకుంటూ ఒడ్డుకు వచ్చాను. నాతో పాటు మోచేయంత కొరమీను కూడా వచ్చింది. గట్టు మీద చప్పట్లు! నేను ఎన్ని సభల్లో మాట్లాడినా, అన్ని చప్పట్లు ఎప్పుడూ వినలేదు. చేపకే అనుకోండి.

ఆ తర్వాత గట్టు మీదే అత్యవసర సమావేశం. మామ తడి చేతులు తుడుచుకుంటూ అడిగారు: “ఈ గేటు, ఈ రూలు, ఎవరమ్మా పెట్టింది?”

“ఇదుగోండి, మా వ్యవస్థాపకులు” అని మేడమ్ ఎంతో గౌరవంగా నన్ను చూపించారు. “ప్రతి అక్షరం ఆయన రాసిందే.”

మామ నెమ్మదిగా నా వైపు తిరిగారు. తల మీది నుంచి కాలి దాకా చూశారు. ముంచాల్సిన పని మిగల్లేదు, అప్పటికే మునిగి ఉన్నాను కదా. ఆయన పెదవి కొస ఒక్కసారి వణికింది. కోపమో నవ్వో చీకట్లో తెలీలేదు.

రోజూ ఇక్కడే కూర్చునే మనిషి కంటే మంచి కాపలా ఎవరుంటారని మేడమ్ ప్రతిపాదించారు. మామను గ్రూపులో చేర్చుకోవాలని అందరూ ఒప్పుకున్నారు. చేపలు పట్టుకోవచ్చు, టిప్పరు కనిపిస్తే ఫోన్ చెయ్యాలి. ఆయన ఒక్క షరతు పెట్టారు, తనుండగా నినాదాలు ఉండకూడదని. అది కూడా ఒప్పుకున్నారు, ద్రోహులు! ఇక రెండో అంశం: నియమం మీరిన సభ్యుణ్ణి తక్షణం తొలగించడం. మేడమ్ పాపం మెడలో విజిల్‌ను అటూ ఇటూ తిప్పారు. “మీరే రాశారు కదండీ, మినహాయింపులు లేవని” అన్నారు. చేతులెత్తమన్నారు. అందరికంటే ముందు లేచిన చెయ్యి, చేరి ఐదు నిమిషాలు కాని కొత్త సభ్యుడిది. నంజుండప్పగారిది.

కంత దగ్గర ఆయన నా ఫోను తిరిగిచ్చారు. ఒక్క చెప్పుతో నిలబడి అడిగాను: “మామా, మరి మన సంగతి?”

“చూస్తాములేప్పా” అన్నారు. చేప సంచి భుజానికి తగిలించుకుని వెళ్లిపోయారు.

ఆదివారం మధ్యాహ్నం భోజనానికి పిలుపొచ్చింది. కొరమీను పులుసు. ఆయనే వండారు, ఆయనే వడ్డించారు. నా కంచంలో తలకాయ ముక్క పడింది. భవ్య కళ్లు పెద్దవయ్యాయి. తర్వాత మెట్ల దగ్గర చెవిలో చెప్పింది: “మా నాయన తలకాయ ముక్క ఇంతవరకు ఎవరికీ ఇడిసింది లేదు. నాక్కూడా.”

“అంటే ఊఁ అన్నట్టేనా?”

“నాకేం తెలుసు? పోయి అడుగు.”

వెళ్లి అడిగాను. ఆయన ఈజీ చెయిర్‌లో కళ్లు మూసుకుని ఉన్నారు. ఒక కన్ను తెరిచారు. పక్కనున్న స్టూలు చూపించారు. కూర్చున్నాను. మళ్లీ కన్ను మూసుకున్నారు. సాయంత్రం దాకా అలాగే కూర్చున్నాం. సోమవారం ఆఫీసు నుంచి నేరుగా బళేపేట వెళ్లాను. అక్కడా ఒక స్టూలు చూపించారు, అక్కడా కూర్చున్నాను. ఇన్నాళ్లూ నా మాటలతో ఆయన్ని నేను చంపుకు తిన్నాను. ఇప్పుడు ఆయన మౌనంతో నన్ను చంపుకు తింటున్నారు.

నేను ఊరుకునే మనిషిని కాను. ఇది ప్రజాస్వామ్యం. జవాబుదారీతనం అనేది ఒకటుంది. అందుకే ఈ బహిరంగ ప్రకటన తెలుగులో రాస్తున్నాను. కన్నడంలో రాయగలిగీ తెలుగులోనే ఎందుకంటే, నంజుండప్పగారు తెలుగు మాట్లాడతారే గాని, చదువంతా కన్నడంలోనే, తెలుగు అక్షరం చదవడం రాదు. భవ్యకూ రాదు. దయచేసి మీరెవరూ చదివి వినిపించకండి. ఆ భరోసాతోనే, ఏ మాత్రం జంకు లేకుండా, పిడికిలి బిగించి, ఆఖరి హెచ్చరికగా డిమాండ్ చేస్తున్నాను: మామా, ఊఁ అంటారో ఊహూఁ అంటారో తేల్చి చెప్పి తీరాలి, ఈ నెల ముప్పయ్యో తారీకు సాయంత్రం, చెరువు మీద చీకటి పడేలోపు.